తాత పేరు మీద వచ్చిన ఫోన్

ఇంజినీరింగ్ పాసైనంక రెండేండ్లు ఏం చేసినవురా అని ఎవరన్న అడిగితే నేను చెప్పేది ఒక్కటే: ఫోన్ కోసం చూసిన. పొద్దున లేస్తే అదే యావ, అన్నం ముందల కూసుంటే అదే యావ. అంతగనం చూసిన మనిషికి ఇంట్ల ఫోన్ ఉన్నదా అంటే, లేదు. ఫోన్ చాచా దుకాణంల ఉండె.

మా ఊరు ఇటిక్యాల దిక్కు. ఎర్రవల్లి చౌరస్త కాడ బస్సు దిగితే ఆటో నిండేదాక కూసోవాలె, ఓపిక లేకుంటే నడవాలె. ఊరు మొత్తానికి అప్పుడు మూడు ఫోన్లుండె. ఒకటి సర్పంచింట్ల, ఒకటి పోస్టాఫీసుల, ఒకటి చాచా కిరాణా దుకాణంల. సర్పంచింటికి పోతే వాకిట్ల నిలబడాలె. పోస్టాఫీసు ఎప్పుడు తెరుస్తరో ఆ దేవునికే తెల్వదు. చాచా దుకాణం మాత్రం మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఉండె, పొద్దున ఆరింటికే తెరుచుకునేది. ఆయన మా నాయినకంటే పెద్దోడు. మా అమ్మను చెల్లె అంటడు, అమ్మ ఆయనను అన్న అంటది. ఫోన్‌కు ఆయన భార్య పువ్వుల బట్టతోని గలీబు కుట్టింది.

రెజ్యూమెల ఆయన నంబరే రాసి, పక్కన పీపీ అని పెట్టిన. పీపీ అంటే ఏందో ఇప్పటి పిల్లలకు తెల్వదు. ఫోన్ మాది కాదు, పక్కోళ్లది, జర పిలిస్తే వస్తం అని అర్థం. "నా నంబరు హైదరాబాద్ కంపెనోళ్ల కాడికి పోతుందా!" అని చాచా మస్తు ఖుషీ అయిండు. "ఫోన్ వచ్చినా రాకున్నా నువ్వు ఫికర్ చేయకు బేటా. వస్తే ఉరికొచ్చి చెప్త" అన్నడు. నేను "నాకు ఫోన్ వస్తే జర పిలువు చాచా" అన్న. ఆయన సరేనన్నడు. అంతే మాట్లాడుకున్నం మేమిద్దరం. ఇంకొక్క ముక్క మాట్లాడుకుంటే నా బతుకు ఇంకో తీరుగ ఉండేదేమో.

నేను చదివింది ఎలక్ట్రికల్. ఊరోళ్ల లెక్కల నేను కరెంటు ఇంజినీర్‌ను. పాసై వచ్చిన నెలకే ఒకాయన బోరు మోటరు నడుస్తలేదని నన్ను పొలంకాడికి తీస్కపోయిండు. స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే నాకు చెమటలు పట్టినయ్. కాలేజీల మోటరు బొమ్మ గీసుడు నేర్పిన్రు గాని మోటరు విప్పుడు నేర్పలే. నేను గంటసేపు దాన్ని చూసిన, అది నన్ను చూసింది. ఆఖరికి పదో తరగతి తప్పిన వైండింగ్ ఆయన సైకిల్ మీద వచ్చి పది నిమిషాలల్ల నడిపించి పోయిండు. "సదువక ముందు కాకరకాయ, సదివినంక కీకరకాయ" అని బోరాయన భార్య కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ దినంకెళ్లి ఎవని మోటరు కాలినా నేను ఇంట్ల లేనని చెప్పించిన.

ఇంక సలహాలకైతే కొదువలేదు. ఒకడు బీఈడీ చెయ్ అంటడు. ఒకడు గ్రూప్స్ రాయమంటడు. ఒకడు లైన్‌మన్ పోస్టులు పడ్తయట, నువ్వు ఇంజినీర్వు కదా స్తంభం ఎక్కవా ఏంది అంటడు. కంప్యూటర్ కోర్సు చేసిన సీనియర్లే ఆఫర్ లెటర్లు చేతుల పట్టుకొని, చేరే తారీఖు చెప్తరేమోనని ఇండ్లల్ల కూసున్న కాలం అది. వాళ్లకే దిక్కులేదంటే మా మొఖం ఎవడు చూస్తడు?

మా నాయిన మాత్రం ఒక్క సలహా ఇయ్యలే. ఏందిరా, ఏమైందిరా అని కూడ అడగకపోయేది. తిట్టినా బాగుండు అనిపించేది నాకు. వరుసగ రెండేండ్లు వానల్లేవు. పల్లిచేను పువ్వు మీదనే ఎండింది. ఒకదినం అన్నం తింటూ తింటూ ఆయనే అన్నడు: "దసరా దాక చూస్త. లేకుంటే కూలోళ్లను తోల్కపోయే గుంపు మేస్త్రితోని పూనా పోత. ఆడ కాలువ పనులు నడుస్తున్నయంట." అప్పటికే ఆయనకు మోకాళ్ల నొప్పులు. పొలంగట్టు ఎక్కాల్నంటేనే నా భుజం పట్టుకుంటుండె. ఆ మనిషి పూనా పోయి తట్టలు మోస్తడంట!

"ఉద్యోగం వస్తది నాయినా, జర ఆగు" అన్న.

"వస్తే పోను" అన్నడు. అన్నంల మజ్జిగ పోసుకున్నడు.

గట్ల ఉన్నప్పుడే హైదరాబాద్‌ల ఒక కంపెనీ రాతపరీక్ష పెట్టింది. ఫ్యాక్టరీలకు కరెంటు ప్యానెళ్లు చేసే కంపెనీ. నేను చదివిన చదువుకు సరిగ్గ సరిపోయే పని. పరీక్షకు జనం జాతర లెక్క వచ్చిన్రు. నాతోని కాలేజీల చదివిన వనపర్తి దోస్తు ఒకడు వచ్చిండు. సాయంత్రం గోడ మీద లిస్టు అంటిస్తే దాంట్ల మా ఇద్దరి పేర్లున్నయ్. నేను మూడుసార్లు చదువుకున్న. "పదిహేను దినాలల్ల ఫోన్ చేసి ఇంటర్వ్యూకు పిలుస్తం, తయారుండున్రి" అని చెప్పిన్రు.

ఇంటికొచ్చి చెప్తే, నాయిన ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు.

ఊర్ల ఉంటే చదువు సాగదని నేను వనపర్తి పోయిన. దోస్తు వాళ్ల నాయిన సర్కారు ఆఫీసుల గుమాస్తా, వాళ్లింట్ల ఫోనుండె. ఇంటి మీద ఒక రేకుల రూముండె, పగలు దాంట్ల కూసుంటే బెల్లం పాకమే మనం. అండ్లనే ఇద్దరం ప్రాక్టీసు చేసినం. రైలు స్తంభాన్ని ఎన్ని సెకండ్లల్ల దాటుతది, పడవ ఏటికి ఎదురు ఎంతసేపట్ల పోతది. జూరాల కాడ పడవ నడిపే ఆయనకు కూడ తెల్వని లెక్కలన్నీ మాకు నోటికొచ్చినయ్. వాడు ఆఫీసర్ లెక్క కుర్చీల కూసుంటడు, నేను తలుపు కొట్టి లోపలికి వస్త.

"నీ బలహీనత ఏంది?" అని ఇంగ్లీషుల అడుగుతడు.

"కోపం" అంట నేను.

"గట్ల చెప్తే నిన్ను ఎవడు తీసుకుంటడురా! పని మొదలు పెడితే అన్నం తినుడు కూడ మర్చిపోత, అదే నా బలహీనత అని చెప్పాలె. పుస్తకంల ఉంది."

"అన్నం మర్చిపోయేటోడెవడురా ఈ లోకంల" అంటే ఇద్దరం పడి పడి నవ్వినం.

ఆదివారం ఆదివారం ఊరికి పోయి వస్తుంటి. పెబ్బేరు కాడ బస్సు మారుడు, ఎర్రవల్లి కాడ దిగుడు, సీద చాచా దుకాణం. "చాచా, నాకు ఫోనేమన్న వచ్చిందా?" అని అడుగుత. "లేదు బేటా. నేను ఫోన్ పక్కనే పంటున్న. అల్లా మీద భారం వెయ్" అంటడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

పదిహేను దినాలు అయిపోయినయ్. పదహారో దినం పొద్దున దోస్తు ఇంట్ల ఫోన్ మోగింది. వాడు ఎస్ మేడం, ఎస్ మేడం అంటుంటే నేను మెట్ల మీద నిలబడి వింటున్న. వాడు ఫోన్ పెట్టి నన్ను చూసిండు. నాకు వాని మీద సంతోషం కాలే. ఉన్న మాట చెప్తున్న, కడుపు మండింది. "నీకు ఇయ్యాలో రేపో వస్తదిరా" అన్నడు. "నీ నోటి మాట నిజం కావాలె" అన్న.

వాడు హైదరాబాద్ పోయి మూడో దినం వచ్చిండు. నేను రేకుల రూముల గోడకు ఆనుకొని కూసున్న. వాడు లోపలికి రాకుండ గడప కాడనే నిలబడి నా మొఖంలకు చూస్తుండు.

"ఏమైందిరా? వచ్చిందా?"

"నాకైతే వచ్చింది" అన్నడు. చెప్పులిడిచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. పట్టుకొని జర గట్టిగ ఒత్తిండు. "నీ సంగతి చెప్పాలెరా. నువ్వు కోపం చేయొద్దు."

"నా సంగతేంది?"

"ఆడ మేడం కాడ లిస్టుంది. నీ పేరు మీద గీత కొట్టుంది. మా కాలేజోడు మేడం, ఎందుకు కొట్టిన్రు అని అడిగిన. 'మీకు తెలియదా, ఆయన చనిపోయారు కదా' అన్నది."

నేను ఫక్కుమని నవ్విన. వాడు నవ్వలే.

"నువ్వేమన్నవు?"

"మొన్న మా ఇంట్ల అన్నం తిన్నడు మేడం అన్న. ఆమెకు కోపమొచ్చింది. వాళ్ల ఊరి నుంచే చెప్పారు, మీకు ఎక్కువ తెలుసా అన్నది. ఇగ..." వాడు తల కిందికి వేసిండు. "ఇగ నా పని కూడ చెడతదేమోనని ఊకున్నరా. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

వాన్ని ఏమని తిట్టాలె? నేను ఆడ ఉంటే నేను కూడ ఊకుందునేమో. సంచిల రెండు అంగీలు కుక్కుకొని బస్టాండుకు ఉరికిన. బస్సుల కూసున్నంతసేపు ఒకటే ఆలోచన. నేను సచ్చిన అని చెప్పింది ఎవడు? మాకు ఎవ్వనితోని కొట్లాటల్లేవు, గట్టు పంచాయతీలు కూడ లేవు. నాకు ఉద్యోగమొస్తే ఎవని కండ్లు మండినయ్? దొరకాలె ఆ కొడుకు, నడిబజార్ల నిలబెట్టి అడుగుత అనుకున్న.

చాచా దుకాణంల చక్కెర పొట్లాలు కడుతుండు. "చాచా, హైదరాబాద్‌కెళ్లి ఫోనేమన్న వచ్చిందా? నిజం చెప్పు" అన్న.

"నీకు రాలే బేటా" అన్నడు. జర ఆగి, "హైదరాబాద్ ఫోనైతే వచ్చింది గని అది మీ తాతకు" అన్నడు.

పల్లిసంచి మీద కూసున్న.

ఈడ ఒక ముచ్చట చెప్పాలె. నా సర్టిఫికెట్లల్ల ఉన్న పేరు మా తాతది. ఇంటిపేరు, పేరు, చివరి అక్షరం దాక ఆయనదే. పుట్టినప్పుడు నాయిన ముచ్చటపడి పెట్టిండు. పెట్టిండు గాని ఆ పేరుతోని పిలిచేది ఎవరు? మా దిక్కు కోడలు మామ పేరు నోట్లకెళ్లి తియ్యదు. అమ్మ నన్ను సిన్నోడా అన్నది. నాయిన తన తండ్రి పేరు పెట్టి ఏయ్ అని ఎట్ల అదిలిస్తడు, ఆయన కూడ సిన్నోడా అన్నడు. వాళ్లను విని ఊరు సిన్నోడా అన్నది. ఇరవై మూడేండ్లు అసలు పేరు బడి రిజిస్టర్లల్ల, కాలేజీ లిస్టులల్ల తప్ప నా ఊర్ల నా మీద ఒక్కసారి పలకలే. ఊర్ల ఆ పేరంటే మా తాతే. ఆయన పోయి ఆరేండ్లు.

చాచా చక్కెర పొట్లం చేతుల పట్టుకొని చెప్తుండు. "ఎవరో అమ్మాయి. సాఫ్‌గ ఉర్దూ మాట్లాడుతుంది. మీ తాత పేరు చెప్పి ఉన్నరా అన్నది. నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్ బేటా, ఇన్నేండ్లకు ఆయన ఎవరికి యాదికొచ్చిండో అని. పింఛనోళ్లేమో అనుకున్న. గప్పుడే మీ అమ్మ బట్టల సబ్బుకు వచ్చింది. చెల్లె, మీ మామను అడుగుతున్నరు, ఏం చెప్పాలె అన్న. 'సచ్చిపోయిండని చెప్పన్న. మళ్లమళ్ల ఫోన్ చేయకున్రి అని కూడ చెప్పు' అన్నది. 'ఉనో గుజర్ గయే మేడం' అని చెప్పిన. పాపం ఆ పిల్ల సారీ అన్నది. మంచి పిల్ల."

"అది నా పేరు చాచా" అన్న.

ఆయనకు ఒక నిమిషం అర్థం కాలే. అర్థమైనంక చేతుల ఉన్న పొట్లం జారి చక్కెర గల్లపెట్టె మీద పడ్డది. "యా అల్లా" అన్నడు.

ఆయన కండ్ల ముందలనే కంపెనీకి ఫోన్ చేసిన. ఇంటర్వ్యూ కోసం ఎంత ఇంగ్లీషు నేర్చుకున్ననో అంతా ఏడబోయిందో ఏమో. "మేడం, ఐ యామ్ అలైవ్ మేడం. ఐ యామ్ నాట్ డెడ్" అన్న. అవతల నవ్వు వినపడ్డది. ఇట్లాంటి జోకులు వద్దన్నది. నేను పేరు చెప్పిన, రోల్ నంబర్ చెప్పిన, తాత సంగతి, పేరు సంగతి తెలుగుల మొత్తం చెప్పిన. అవతల కాయితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడ్డది.

"చూడండి, లిస్టు క్లోజ్ అయిపోయింది. అందరినీ తీసేసుకున్నారు. మీరు ఉన్నందుకు సంతోషం. మళ్లీ పడినప్పుడు అప్లై చేయండి" అన్నది.

నేను ఉన్నందుకు సంతోషమంట!

ఇంటికి పోయి అమ్మ మీద అరిసిన అరుపు యాదికొస్తే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తది. "నీ మామ పేరు తీస్తే నీ నోరు పడిపోతుండెనా? కన్నకొడుకునే సంపుకున్నవు కదే!" అన్న. అమ్మ చేటల ఏరుతున్న బియ్యం అట్లనే పెట్టుకొని కూసున్నది. చాచా చెప్పింది మొత్తం ఒకటికి రెండుసార్లు అడిగింది. తర్వాత మెల్లగ, "నేనన్న ఒక్కసారి ఆ పేరుతోని పిలిస్తే ఊరు పిలుస్తుండె కదా" అన్నది. ఏడ్వలే. ఏడిస్తే నాకు జర నయమయ్యేది.

దసరా పోయిన నాలుగో దినం మేస్త్రి లారీ వచ్చింది. నాయిన గొంగడి, అన్నం గిన్నె, మోకాళ్లకు రాసుకునే నూనె సీసా మూట కట్టుకున్నడు. నేను పోత నీ బదులు అంటే, "నువ్వు తట్టలు మోసేదుంటే నీకు చదువెందుకు చెప్పించిన" అన్నడు. లారీ ఎక్కనీకి కాలు లేవకపోతే ఇద్దరు పైకి గుంజిన్రు. ఎక్కినంక ఆయన నా దిక్కు చూడలే. నేనే చూసిన, లారీ ఊరు దాటేదాక.

చాచా నెల దినాలు మా ఇంటి ముందలకెళ్లి పోవాల్నంటే తలొంచుకొని పోయిండు. నా పేరు అట్టముక్క మీద ఉర్దూల, తెలుగుల పెద్దగ రాసి ఫోన్ పైన గోడకు కొట్టిండు. నాకది చూస్తే సచ్చినోళ్ల పేరు రాతి మీద చెక్కినట్లు ఉండేది.

కంపెనీలు వద్దనుకొని నాగర్‌కర్నూల్ పోయిన. ఆడ ఒక ప్రైవేటు కాలేజీల ల్యాబ్‌ల మనిషి కావాలన్నరని ఎవరో చెప్పిన్రు. పోతే ప్రిన్సిపాల్ నా మార్కులు చూసి, "ఇంత చదివి ల్యాబ్‌ల స్విచ్‌లు వేసుకుంట ఉంటవా?" అన్నడు. ఉంట సార్ అన్న. తుడిచే పని చెప్పినా ఉంట అనే మాట నాలుక మీదికి వచ్చింది. "సరే, నంబరు రాసిపో, ఫోన్ చేస్తం" అన్నడు. అదే మాట. మళ్ల చాచా నంబరే రాసిచ్చిన. ఆ ఫోను కూడ రాలేదు, నాకు పని దొరికింది ఏడాది తర్వాత ఇంకో తావున. కాని అది వేరే సంగతి.

నాగర్‌కర్నూల్‌కెళ్లి వచ్చిన రెండో వారం, శుక్రవారం. గద్వాల ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుల కార్డు తిరగరాయించుకొని మధ్యాహ్నం ఊరికొచ్చిన. ఎండ మండుతుంది. చాచా నమాజుకు పోయిండు, దుకాణం జర చూస్తుండు చెల్లె అని అమ్మను కూసోబెట్టి పోయిండంట. నేను మూల తిరిగినప్పుడే ఫోన్ మోగుతుంది.

అమ్మ ఎన్నడు ఫోన్ ముట్టిన మనిషి కాదు. పువ్వుల గలీబు గుంజి పడేసింది. రిసీవర్‌ను రెండు చేతులతోని పట్టుకున్నది. అవతలోళ్లు ఏమన్నరో, అసలు అననిచ్చిందో లేదో తెల్వదు. నిలబడి, తలమీద కొంగు సర్దుకొని, మా తాత పేరు అన్నది. ఇంటిపేరుతోని సహా, బడి రిజిస్టర్ల ఉన్నది ఉన్నట్లు, వీధి చివర్న ఉన్న నాకు వినపడేటంత గట్టిగ.

"నా కొడుకే సార్. నా కొడుకు పేరే. బతికే ఉన్నడు. బయటికి పోయిండు, వస్తడు. వాడు సచ్చిపోలే సార్, తల్లిని నేను చెప్తున్న, బతికే ఉన్నడు."

అవతల గద్వాల విత్తనాల దుకాణమాయన. పల్లివిత్తనం వచ్చిందని చాచాకు చెప్పనీకి ఫోన్ చేసిండంట. నేను ఉరికి పోయేసరికి ఆయన ఫోన్ పెట్టేసిండు. అమ్మ ఇంకా చెప్తనే ఉన్నది.